మూడో జలపాతం దగ్గర తొమ్మిదో మనిషి

పోయిన నెల అరోరా నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డేటాబేస్ ఉద్యోగం మానేసి, కొలరాడో కొండల్లో జనాన్ని తాడు మీద జలపాతాలు దింపే గైడుగా చేరుతోందట. "అంకుల్, ఏ తాడు కొనమంటారు?" అని అడిగింది. తాడు సంగతి కొట్టువాడు చెబుతాడు. వాడు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆ అమ్మాయి కోసం, ఆమె వెనక ఇంకెవరైనా వస్తుంటే వాళ్ల కోసం, ఇది రాస్తున్నాను.

ముందుగా నా గురించి ఒక మాట. నేను కోతలరాయుణ్ణి. మా ఊరు ఎంత ఎత్తులో ఉందంటే, సోమవారం ఇడ్లీ పెడితే బుధవారానికి గానీ ఉడకదని ఒక పళ్ల డాక్టరును నమ్మించాను. ఆయన పాపం భార్యకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. పదమూడేళ్లు ఈ పని చేశాను. మోకాళ్లు రెండూ అరిగిపోయి, యాభై రెండేళ్లకే ఇంట్లో కూర్చున్నాను. నేను చెప్పిన అబద్ధాలు లెక్కలేనన్ని. కాబట్టి ఒక ఏర్పాటు చేస్తున్నాను: ఇందులో అబద్ధం వచ్చిన చోట, ఇది అబద్ధమని పక్కనే చెబుతాను. చెప్పని చోట నమ్మండి.

పని అంటే ఏమిటి

2001లో జెర్సీ సిటీలో నా ఉద్యోగం పోయింది. అప్పటికే గ్రీన్ కార్డు చేతికొచ్చింది కాబట్టి పెట్టె సర్దుకుని దేశం వదిలి పోవలసిన పని లేకపోయింది. కాలిఫోర్నియాలో స్నేహితుడి దగ్గరికని కారేసుకుని బయలుదేరి, కొలరాడో నైరుతి మూలన ఒక కొండలోయలో కాఫీకి ఆగాను. కాఫీ కొట్టు పక్కనే ఒక షెడ్డు. దాని తలుపు మీద 'మనిషి కావలెను' అని అట్టముక్క. కృష్ణా కాలవల్లో ఈత నేర్చినవాణ్ణి కదా, నీళ్లంటే భయం లేదని లోపలికి వెళ్లాను. కాలిఫోర్నియా స్నేహితుడు ఇప్పటికీ నా కోసం అన్నం వండి కూర్చున్నాడు. (ఇది అబద్ధం.)

మొదటి ఏడాదంతా వెట్‌సూట్లు ఉతికాను. చలినీళ్లలో వేసుకునే ఆ రబ్బరు తొడుగుల వాసన ఇప్పటికీ నా గోళ్లలో ఉంది. ఆ తర్వాత లోపలికి తీసుకెళ్లారు.

లోపల అంటే కొండ నిలువునా చీలిన చోటు. పైన ఆకాశం జానెడు. కింద మంచు కరిగిన నీరు. ఇరువైపులా చేతులు చాపితే తగిలే రాతిగోడలు. ఆ చీలికలో వాగు ఒక్కో జలపాతంగా దూకుతూ పోతుంది. మనం తాడు కట్టి, జనాన్ని ఒక్కొక్కరినీ దింపి, చివర మనమూ దిగి, కింద నుంచి తాడు లాగేసుకుంటాం. ఆ తాడు కిందికి జారి నీళ్లలో పడే క్షణం ఉంది చూడండి, అదే ఈ పని. దాంతో వెనక్కి దారి పోయింది. ఇక ముందుకే పోవాలి. నవ్వుతూ వచ్చిన వాళ్లందరూ ఆ తాడు పడగానే తలెత్తి పైకి చూస్తారు. నేనూ చూసేవాణ్ణి.

ఇంకొకటి. ఆ హోరులో మాటలు వినిపిస్తాయి. ఎవరో మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. చాలాసార్లు మీ అమ్మ గొంతు. అలవాటు లేని చెవి చేసే పని అని డాక్టర్లంటారు. నాకు పదమూడేళ్లకీ అలవాటు కాలేదు. పాత గైడ్లను అడిగితే మాట మారుస్తారు. మీరూ మార్చండి.

వాల్ట్ చెయ్యి

మా యజమాని వాల్ట్. తాత వెండి గనుల్లో పనిచేశాడట, ఈయన అదే కొండలో తాళ్ల మీద బతికాడు. ఆయన నవ్వడం, సెలవు ఇవ్వడమంత అరుదు. ఆయన నాకు నేర్పింది ఒక్కటే పద్ధతి.

ప్రతి జలపాతం కింద ఆయన ఒక రాయి పక్కన చెయ్యి చాపి నిలబడేవాడు. ముందుకు పోయే ప్రతి మనిషీ ఆ అరచేతికి చెయ్యి తగిలించి పోవాలి. ఆయన లోపల్లోపల లెక్కపెట్టుకునేవాడు. లెక్క సరిపోతే గానీ అడుగు ముందుకు పడదు.

"కళ్లతో లెక్కపెట్టకు, రావ్," అన్నాడు మొదటి రోజునే. "అందరికీ అదే హెల్మెట్, అదే నల్ల తొడుగు. కంటికి ఒకణ్ణే రెండుసార్లు చూపిస్తుంది ఈ చోటు. చెయ్యి అలా చెయ్యదు."

"చేతులు కూడా చల్లగా ఒకేలా ఉంటాయి కదా?"

"ఉండవు. పట్టుకుంటే తెలుస్తుంది."

నిజంగానే తెలుస్తుంది. భయపడ్డ చెయ్యి వేళ్లు ముడుచుకుంటుంది. గొప్పలు పోయేవాడి చెయ్యి కొట్టినట్టు తగులుతుంది. మొగుడితో పొద్దున పోట్లాడి వచ్చిన ఆవిడ చెయ్యి మన అరచేతి మీద రెండు క్షణాలు ఎక్కువ నిలుస్తుంది. ఈ పద్ధతి వల్ల ఎవరు అలిసిపోయారో, ఎవరు ఏడవబోతున్నారో ముందే పట్టుకోగలిగాను. మీకు ఇంతకన్నా మంచి పరికరం ఎవరూ అమ్మరు.

నేను అల్లిన కథ

మూడో ఏడాదో నాలుగో ఏడాదో, జెర్సీ సిటీ నుంచి తెలుగు ఇంజనీర్ల గుంపు ఒకటి వచ్చింది. ఫోన్లు పనిచేయడం లేదని ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. వాళ్లను కదిలించడానికి అక్కడికక్కడ ఒక కథ అల్లాను.

పూర్వం గనివాళ్లు తొమ్మిది మంది ఈ చీలికలో దిగారు. మూడో జలపాతం కింద పెద్దాయన తలలు లెక్కపెట్టాడు. పది వచ్చాయి. మళ్లీ పెట్టాడు, పదే. మొహాలు చూస్తే అందరూ తెలిసినవాళ్లే. ఎవరు ఎక్కువో ఎవరికీ తెలియలేదు. పది మందీ బయటికి వచ్చారు. పది మందీ ఆ రాత్రి ఒకే కుండలో తిన్నారు. తెల్లారేసరికి తొమ్మిది మంది ఉన్నారు, కానీ వాళ్లలో ఒకడి పేరు ఎవరికీ గుర్తు రాలేదు. అందుకే ఇక్కడ తలలు లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి ఎక్కువే వస్తుంది.

ఇది పచ్చి అబద్ధం. గనివాళ్లు లేరు, కుండ లేదు. కానీ అద్భుతంగా పనిచేసింది. ఫోన్లు లోపల పెట్టేసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పట్నుంచి మన తెలుగువాళ్లు ఎవరొచ్చినా ఇదే చెప్పేవాణ్ణి. ఏటికేడు మెరుగులు దిద్దాను. వాల్ట్‌కు ఎవరో చెప్పారు. "కథలు బార్‌లో చెప్పుకో. నీళ్ల దగ్గర వద్దు," అన్నాడు. ముసలాయనకు సరదా తెలియదనుకున్నాను.

కాపెల్ వాళ్లు

పనిలో చేరిన ఏడో వేసవి. జులై. టెక్సస్‌లోని కాపెల్ నుంచి రెండు వ్యాన్లలో తెలుగువాళ్లు వచ్చారు. నాలుగు జంటలు, వాళ్లతో ఒంటరిగా ఒకతను. అతని పేరు మోహన్. వరంగల్ వైపు వాడు, శ్రీనివాస్ ఆఫీసులో కొత్తగా చేరాడు. శ్రీనివాస్ అంటే ఈ ప్రయాణమంతా ఏర్పాటు చేసిన మనిషి. ఆయన తల్లి భ్రమరాంబ గారు కూడా వచ్చారు. ఆవిడ దిగరు, కింద వ్యాన్ దగ్గర భోజనాలు చూసుకుంటూ కూర్చుంటారు.

ఆ రోజు వాల్ట్ మరో గుంపుతో ఉన్నాడు. ఇవాళైతే తొమ్మిది మందికి ఇద్దరు గైడ్లు లేనిదే పంపరు. అప్పుడు నేనొక్కణ్ణే.

తొడుగులు వేసుకుంటుండగా మామూలుగానే కథ ఎత్తుకున్నాను. జంటలు కేకలు పెట్టి నవ్వారు. మోహన్ మాత్రం అడిగాడు: "అయితే అన్నా, ఆ ఎక్కువొచ్చినోనికి తెలుసా, తనే ఎక్కువని?"

నా కథకు అంత మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు. అతని హెల్మెట్ పట్టీ బిగించి పక్కవాళ్ల దగ్గరికి పోయాను.

బయలుదేరబోతుంటే భ్రమరాంబ గారు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు.

"బాబూ, నువ్వు మనవాడివే కనక చెప్తున్నా. లోపల తలలు లెక్కపెట్టకు."

"అదేంటండీ, ఊరికే సరదాకి చెప్పిన..."

"సరదాకే కానీ. మా ఇంట్లో పిల్లల తలలు లెక్కపెట్టం. దిష్టి. అందులోనూ లెక్కపెడితే ఇంకోటి తగులుకుంటుందంటున్నావు. అది ఎవరెంట ఇంటికొస్తుందో ఏమో! నాకు మాటివ్వు."

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. అమెరికన్ గైడ్ అయితే, "క్షమించాలి మేడమ్, ఇది రూల్," అని ముందుకు పోయేవాడు. నేను పోలేకపోయాను. కథ అబద్ధమని చెబితే పరువు పోతుంది. పెద్దావిడ చెయ్యి పట్టుకుని అడిగితే కాదనడం మా ఇంట్లో నాకు నేర్పలేదు. "అలాగేనండీ పిన్నిగారూ," అన్నాను.

అన్నమాట నిలబెట్టుకున్నాను. చెయ్యి చాపలేదు.

మొదటి జలపాతం, రెండోది బాగానే జరిగాయి. మూడోది అరవై అడుగులు. దాని కింద నిలబడితే తుంపర ఊపిరాడనివ్వదు. అందుకని దిగినవాళ్లు దిగినట్టు మలుపు దాటి, అవతలి బండ మీద కూర్చోమని చెప్పాను. పైనుంచి ఒక్కొక్కరినీ వదిలాను. చివర నేను దిగి, తాడు లాగాను. మలుపు తిరిగేసరికి బండ మీద నల్ల తొడుగులు, ఎర్ర హెల్మెట్లు గుంపుగా ఉన్నాయి. కళ్లకు నిండుగా కనిపించాయి. "పదండి, పదండి," అన్నాను.

నాలుగోది జారుడుబండ. అందరూ అరుచుకుంటూ జారారు. ఒంటిగంట కావస్తుండగా ఎండలోకి వచ్చిపడ్డాం.

పది ప్లేట్లు

భ్రమరాంబ గారు దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సిద్ధంగా పెట్టారు. కాగితం ప్లేట్లలో వడ్డించి వరసగా పేర్చారు. అందరూ తలా ఒకటి అందుకున్నారు. నాకూ ఒకటి ఇచ్చారు. నాలుగు ముద్దలు తిన్నాను.

"ఇదేంటి, ఒక ప్లేటు మిగిలింది?" అన్నారావిడ.

"ఎక్కువ వడ్డించావేమోలే అమ్మా," అన్నాడు శ్రీనివాస్.

"నేనా? పదంటే పదే పెట్టాను. తొమ్మిది మీకు, ఒకటి ఈ బాబుకి."

తలలు లెక్కపెట్టని ఆవిడ ప్లేట్లు లెక్కపెట్టారు.

"మోహన్ ఏడి?" అన్నారెవరో.

"మీతో లేడా?"

"మీ వెనకే వస్తున్నాడనుకున్నాం!"

"బాత్రూమ్‌కేమన్నా..."

ప్రతి మొగుడూ తన పెళ్లాన్ని చూసుకున్నాడు, ప్రతి పెళ్లామూ తన మొగుణ్ణి చూసుకుంది. మోహన్ ఎవరికీ చెందలేదు. నా నోట్లో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది. తల ఎత్తి చూస్తే పై కొండ మీద మబ్బు నల్లగా దిగుతోంది. అక్కడ వాన పడితే చీలికలోకి నీరు రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో ఎంత అయిపోయిందో నాకు తెలియదు. అతను లోపల ఉంటే, ఆ నీటికి ముందే నేను చేరాలి.

తాడు మీద

వాల్ట్‌ను రేడియోలో పిలిచాను. రెస్క్యూ వాళ్లకు కబురు ఆయనే పంపాడు, కానీ వాళ్లు రావడానికి గంటన్నర. చీలిక అంచున, మూడో జలపాతానికి సరిగ్గా పైన ఒక దేవదారు చెట్టు ఉంది. అక్కణ్ణుంచి నేరుగా దిగవచ్చు. కొండదారిన ఇద్దరం పరుగెత్తాం. ఆయన ఒక్కటే అడిగాడు.

"చేతులు తగిలాయా?"

"లేదు."

చెట్టుకు తాడు కట్టి, తను పైన ఉండి నన్ను వదిలాడు.

దిగుతుంటే వెలుగు ఆకుపచ్చగా, తర్వాత బూడిదరంగుగా మారింది. ఆ మధ్యాహ్నం ఆ చోటు నేనెరిగిన చోటులా లేదు. ఎప్పుడూ ఎదురుగా జనం అరుపులతో చూసిన గోడలు ఇప్పుడు ఖాళీగా, చెమ్మగా, ఎవరో ఇప్పుడే ఆనుకుని లేచినట్టు ఉన్నాయి. నీరు అప్పుడే మట్టిరంగు తిరిగింది. నేను కూర్చోబెట్టిన బండ సగం మునిగింది.

"మోహన్!" అని అరిచాను. హోరు మింగేసింది.

అప్పుడు వినిపించింది. జలపాతం వెనక నుంచి, ఒక గొంతు. అరుపు కాదు, ఏడుపు కాదు. క్లాసులో హాజరు పలికినట్టు.

"తొమ్మిది."

కాసేపు ఏమీ లేదు.

"తొమ్మిది."

చేతులు బిగుసుకుని తాడు మీద ఆగిపోయాను. పైనుంచి వాల్ట్ విజిల్ ఊదితే గానీ కదల్లేదు. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలియదు. ఆ కాసేపు నేను వెనక్కి లాగమందామనే అనుకున్నాను. దాచుకుని ప్రయోజనం లేదు, రాస్తున్నాను.

నీటి తెరను చీల్చుకుని వెనక్కి పోయాను. అక్కడ రాతిగోడలో మనిషి పట్టేంత గుల్ల ఒకటి ఉంది. మోహన్ ఛాతీ దాకా నీళ్లలో ఉన్నాడు. తుంపరకు తట్టుకోలేక కాసేపు అక్కడ నిలబడదామని వచ్చాడట. కాలు రెండు రాళ్ల మధ్య దిగబడింది. పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్లు మాత్రం శాంతంగా ఉన్నాయి. నాకు అది చూసి ఎక్కువ భయం వేసింది.

"వచ్చిన్రా అన్నా," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలె? చెప్తనే ఉన్న."

"ఎవరికి?"

"మీకే. మీరు లెక్కవెడుతున్నరు గద. ఒకటి, రెండు అనుకుంట ఎనిమిది కాడ ఆగుతున్నరు. నేను తొమ్మిది అంటున్న. మీరు మళ్ల మొదలు పెడుతున్నరు."

నేను లెక్కపెట్టలేదు. ఆ రోజు ఒక్కసారి కూడా పెట్టలేదు. అతను అక్కడ ఇరుక్కున్నంతసేపూ మిగతా వాళ్లు బయట ఎండలో ఉన్నారు. పైనున్న వాల్ట్‌కు తెలుగు రాదు.

మాట్లాడే సమయం లేదు. నీళ్లలో మునిగి బూటు తాళ్లు కత్తితో కోశాను. మూడోసారి మునిగినప్పుడు బూటు రాళ్లకు వదిలేసి కాలు బయటికొచ్చింది. చీలమండ వాచి పక్కకు తిరిగి ఉంది. అతణ్ణి నా నడుముకున్న పట్టీల హార్నెస్‌కు తగిలించి, విజిల్ ఊదాను. వాల్ట్ కప్పీ వేసి లాగాడు. సగం ఎత్తుకు వచ్చాక కిందికి చూశాను. గుల్ల నోరు కనిపించలేదు. గోధుమరంగు నీరు తప్ప ఏమీ కనిపించలేదు.

ఎవరి మాట వినాలి

అంబులెన్స్ వచ్చేలోపు అందరూ వ్యాన్ దగ్గర చేరారు. భ్రమరాంబ గారు తన శాలువా తీసి మోహన్‌కు కప్పి, స్పూన్‌తో వేడి టీ పట్టిస్తున్నారు. ఇక దాచలేకపోయాను.

"పిన్నిగారూ, ఆ కథ అబద్ధం. నేనే అల్లాను. గనివాళ్లూ లేరు, ఎక్కువ రావడమూ లేదు."

"తెలుసు," అన్నారావిడ, నా వైపు చూడకుండానే. "నువ్వు చెప్తుంటేనే తెలిసింది."

"మరి లెక్కపెట్టద్దని..."

"నేనంటానయ్యా! నాకు భయం, అంటాను. విమానంలో కిటికీ మూసేయమని కూడా అన్నాను. మూశారా? మా ఇంట్లో నా మాట ఒక్కడూ వినడు, నా కొడుకే వినడు. నీకు తెలిసిన పని కదా, నువ్వెందుకు విన్నావు?"

ఈ పనిలో నాకు దొరికిన చీవాట్లన్నిటిలోకీ సరైనవి ఇవే. వచ్చేవాళ్ల భయాలు మర్యాదగా వినండి, మంచినీళ్లివ్వండి, పిన్నిగారూ అనండి. మీ చెయ్యి మాత్రం చాపి ఉంచండి. దిష్టి అంటే వాళ్లకే చెప్పండి, ఇంటికెళ్లాక తీయించుకోమని.

వాల్ట్ నన్ను తీసేయలేదు. ఆ సీజన్ మిగతా అంతా వెట్‌సూట్లు ఉతకమన్నాడు. ఉతికాను. ఆ కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు. గుల్లలో అతనికి వినిపించింది మాత్రం ఒకసారి వాల్ట్‌కు చెప్పాను. ఆయన తాడు చుట్టడం పూర్తిచేసి, "మా తాత లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా మాట్లాడితే కొట్టేవాడు," అన్నాడు. మిగతా స్నేహితులకు చెబితే పడీపడీ నవ్వారు, నీ కథల్లో ఇదే బెస్ట్ అన్నారు. చలికి మెదడు అలా ఆటలాడుతుందని క్లినిక్‌లో డాక్టరు చెప్పింది. పగటిపూట ఆమె మాటే నమ్ముతాను.

మర్నాడు పొద్దున వాళ్లు టెక్సస్ బయలుదేరే ముందు క్లినిక్‌కి వెళ్లాను. మోహన్ చక్రాల కుర్చీలో, కాలికి కట్టుతో, వ్యాన్ కోసం ఎదురుచూస్తున్నాడు. రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోపు అతనే అడిగాడు.

"అన్నా, ఒక్క మాట. లోపల లెక్కవెట్టింది మీరే గదా?"

వ్యాన్ వచ్చి ఆగింది. శ్రీనివాస్ హారన్ కొట్టాడు. మోహన్ నా మొహం మీంచి చూపు తిప్పలేదు. దాదాపు వెయ్యి మైళ్లు ప్రయాణం చేసి, ఒంటరిగా ఒక అపార్ట్‌మెంట్ తలుపు తీసుకుని, దీపం ఆర్పి పడుకోవలసిన మనిషి.

"నేనే," అన్నాను.

"నేను తొమ్మిది అన్నది వినిపించిందా మరి?"

"వినిపించింది, తమ్ముడూ," అన్నాను. "అందుకే కదా వచ్చాను."